బారోమీటరు, బ్యాటరీ, హామ్ రేడియో

అమ్మానాన్నల బదిలీతో సముద్రతీరానికి వచ్చిన మేము, లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడుకునే హామ్‌ల దగ్గర బారోమీటరు చూడడం నేర్చుకున్నాం. మన దేశంలో గాలి పీడనం రోజూ ఉదయం పదింటి వేళకు పెరిగి, సాయంత్రం నాలుగింటికి కాస్త తగ్గుతుంది. అందుకే ఈనాటి అంకెను నిన్న ఇదే వేళకు రాసుకున్న అంకెతో పోల్చాలి. బాగా పడిపోతే తుపాను దగ్గరపడుతున్నదేమో! వెంటనే వాతావరణ శాఖ హెచ్చరికలు వింటాం. హామ్‌లు బ్యాటరీలు చార్జి చేసుకుంటారు. ఎందుకంటే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. అప్పుడు హామ్ రేడియోలు కబుర్లు చేరవేశాయి. 12 ఏళ్లు నిండితే మనమూ పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. మళ్లీ బదిలీ అయినా మా అంకెల పుస్తకం మాతోనే వస్తుంది.