ఇంటిపేరు జాడలు

హైదరాబాదు పాతనగరమున చార్మినారునకు తూర్పుగా యాకుత్‌పురా అను పేట కలదు. యాకుత్ అనగా కెంపు. పూర్వము నగరమును చుట్టి యొక రాతిగోడ యుండెను. ఆ గోడకు గల ద్వారములలో యాకుత్‌పురా ద్వారము ఒకటి. నేడు ఆ ద్వారములలో దబీర్‌పురా, పురానాపూల్ ద్వారములు మాత్రమే మిగిలియున్నవి. యాకుత్‌పురా ద్వారము పోయినది గాని, దాని పేరు పోలేదు. పేటకును, అచటి రైలు స్టేషనుకును ఆ పేరే నిలిచినది. వస్తువు నశించినను పేరు బ్రతికియుండు ననుటకు ఇది యొక తార్కాణము.

మన ఇంటిపేర్లును ఇట్టివే. ముత్తాతల కాలమునాటి ఊరు విడిచితిమి. వారు చేసిన కొలువు మాసిపోయినది. పేరు మాత్రము మన వెంట వచ్చినది. ఇట్టి పేటలోని ఒక పాఠశాలలో ఒకే ఇంటిపేరుగల బాలురిద్దరు ఒకే బల్లపై కూర్చుండిరనుకొనుడు. "మన మిరువురము ఒక్క వంశమువారమా?" అను ప్రశ్న వారికి పుట్టుట సహజము. ఇంటికి పోయి అడిగినచో తాతగారు, "అవును నాయనా, ఆ పేరుగలవారందరు మనవారే" అని చెప్పవచ్చును. ఆ మాట ఆప్యాయమైనది. కాని అది నిజమేనా? నిజమని తేల్చుట యెట్లు?

మొదట ఇంటిపేరు ఎట్లు ఏర్పడునో తెలిసికొనవలెను. తెలుగువారి ఇంటిపేర్లలో అనేకములు ఊళ్ల పేర్లు. 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారి వంశమువారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. బూర్గుల యనునది వారి గ్రామము. ఊరిపేరే క్రమముగా ఇంటిపేరయ్యెను. ఆ గ్రామమునుండి వచ్చిన వేరొక కుటుంబమునకు కూడ అదే పేరు రావచ్చును. అంతమాత్రమున ఆ రెండు కుటుంబములు ఒక్క వంశము కానేరవు. అంతేకాదు, వారి పూర్వుల పత్రములను వెదకువాడు బూర్గుల యను పేరునే పట్టుకొని కూర్చున్నచో, పుల్లంరాజు అను పేరుతో నున్న పత్రము కంటబడినను గుర్తింపడు.

దత్తత వలనను ఇంటిపేరు మారును. మహాకవి శ్రీశ్రీ పుట్టినది పూడిపెద్దివారి యింట. దత్తుడై శ్రీరంగంవారి పేరు గ్రహించెను. కావున ఇంటిపేరు ఒక్కటియైనంత మాత్రమున రక్తసంబంధము సిద్ధింపదు. వేరైనంత మాత్రమున ఆ సంబంధము లేదనుటకును వీలులేదు.

కొన్ని పేర్లు కొలువులనుండి పుట్టినవి. ఇందుకు చక్కని ఉదాహరణము హైదరాబాదులోనే కలదు. నిజాముల కాలమున భూమిశిస్తు లెక్కలును, జాగీరుల పత్రములును రెండు దఫ్తరులలో నుండెడివి. వానిలో ఒకటి దఫ్తరె దివానీ, రెండవది దఫ్తరె మాల్. ఈ రెండవ దఫ్తరును వంశపారంపర్యముగా నిర్వహించిన మాథుర్ కాయస్థ కుటుంబమునకు మాల్‌వాలా యను పేరు వచ్చెను. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు తెచ్చిన సంస్కరణలవలన ఆ దఫ్తరుల అధికారము తగ్గెను. అధికారము పోయినను పేరు మాత్రము నిలిచెను. కాయస్థులు తాము యమధర్మరాజు కొలువులోని లేఖకుడగు చిత్రగుప్తుని సంతతివారమని చెప్పుకొందురు. ఊరివారి లెక్కలన్నియు వ్రాసిన ఆ కుటుంబముల చరిత్రయే తరువాత ఆ లెక్కల కాగితములలో పరిశోధింపబడుట విశేషము.

ఆ పని చేసినవారు కేరన్ లెనార్డ్ అను అమెరికా దేశపు పండితురాలు. ఆమె రాష్ట్ర అభిలేఖాగారములోని పత్రములను, కుటుంబములవారి వంశవృక్షములను, పెద్దలు చెప్పిన మాటలను పోల్చి చూచి, హైదరాబాదు కాయస్థులను గూర్చిన గ్రంథమును 1978లో ప్రకటించిరి. మాథుర్, సక్సేనా మొదలగునవి ఒక్కొక్క యింటికి చెందిన పేర్లు కావు. ఉత్తరదేశమంతట వ్యాపించిన శాఖల పేర్లు. వేర్వేరు కాలములందు వేర్వేరు కొలువులకై వచ్చిన కుటుంబములు ఒకే పేరు ధరించియుండవచ్చును. ఏ కుటుంబము ఏ కుటుంబముతో కలిసినదో చెప్పునది పేరు కాదు, ఉద్యోగముల యొక్కయు వివాహముల యొక్కయు చరిత్రయే.

పాతనగరమున మరియొక విధమైన పేర్లును వినబడును. 19వ శతాబ్దమున యెమెన్ దేశములోని హద్రమౌత్ ప్రాంతమునుండి అరబ్బులు అనేకులు నిజాము సైన్యమున చేరిరి. వారి పేర్లలో బిన్ అనగా కుమారుడు. వారిలో కొందరి వంశనామములు బా అను అక్షరముతో మొదలగును. అట్టి యింటి బాలుడు తన పూర్వుల జాడ తెలియగోరినచో, వెదకులాట సముద్రము దాటవలసి యుండును.

ఇక అన్వేషణ మార్గమును చూతము. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెను. ఇదియే మొదటి సూత్రము. ప్రసిద్ధుడైన యొక పూర్వపురుషుని ఎన్నుకొని, అతనినుండి తమవరకు నిచ్చెన వేయుట తగదు. మీనుండి మొదలిడి తండ్రి, తాత, ముత్తాత అని ఒక్కొక్క మెట్టే ఎక్కవలెను. ప్రతి మెట్టునకును పేరు, ఊరు, కాలము, ఆ సంగతి చెప్పిన సాక్ష్యము వ్రాసికొనవలెను. గోత్రము చెప్పుకొను కుటుంబములైనచో దానిని కూడ గుర్తింపవలెను. ఇంటిపేరొకటియై గోత్రములు వేరైనచో, వంశములు వేరని ఊహించుటకు అది బలమైన ఆధారము.

పిమ్మట కాగితములను వెదకవలెను. ఇంటిలోని దస్తావేజులు, పాఠశాల రిజిస్టరులు, పెండ్లి శుభలేఖలు మొదటివి. తెలంగాణ పల్లెలలోని భూములకు 1954–55 నాటి ఖాస్రా పహాణీ ముఖ్యమైన ఆధారము. కాశీ, గయ, హరిద్వారము వంటి క్షేత్రములలోని పండాలు యాత్రికుల వంశముల పేర్లు తమ పుస్తకములలో వ్రాసికొనుచుందురు. కర్నల్ మెకంజీ సేకరింపించిన కైఫియత్తులలో గ్రామముల పూర్వవృత్తాంతములు కలవు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో ప్రకటించిన గోలకొండ కవుల సంచికలో తెలంగాణములోని 354 మంది కవుల రచనలు చేరినవి. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారమున షాజహాను, ఔరంగజేబుల కాలమునాటి పారసీ పత్రములు సయితము భద్రపరుపబడినవి.

అయితే కాగితమును చదువుట కంటె సరిగా చదువుట కష్టము. నిజాము రాజ్యమున లెక్కలు మొదట పారసీలోను, పిదప ఉర్దూలోను వ్రాయబడెను. ఆ లిపిలో హ్రస్వ స్వరములను సాధారణముగా వ్రాయరు. న, ణ లకును, ల, ళ లకును భేదము చూపరు. కొండవారు, కుండవారు ఒక్క తీరున కనిపింపవచ్చును. ఒక పత్రమున కనిపించిన పేరును మరియొక పత్రముతో సరిచూచిన పిదపనే నమ్మవలెను.

ఇంకొక సంగతి మరువరాదు. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద వేలకొలది యిండ్లను కూల్చెను. ఆ యిండ్లలోని కాగితములును నీటిపాలై యుండును. దొరికిన దఫ్తరులు సయితము అందరిని వ్రాయలేదు. భూమి గలవాని పేరు వ్రాసిరి. ఆ భూమి దున్నిన కూలివాని పేరు తరచుగ వ్రాయలేదు. కుమారుల పేర్లు వ్రాసిరి. కుమార్తెల పేర్లు పెక్కు వంశవృక్షములలో కానరావు. ఈ కాగితములలో పేరు లేనివారికి పూర్వులు లేరా? ఉన్నారు, వ్రాసినవాడే లేడు. అట్టి యిండ్లలో ముసలివారి జ్ఞాపకమే దఫ్తరు. వారుండగానే అడిగి, తేదీ వేసి, వ్రాసికొనుట మన విధి. అమ్మమ్మ పుట్టినింటి పేరు మీలో ఎందరికి తెలియును?

పేరు కలిసినదని లేని గొప్ప తెచ్చుకొనుట, కాగితము లేదని ఇతరులను చిన్నచూపు చూచుట రెండును తప్పులే. నిచ్చెనలో ఒక మెట్టు దొరకనిచో ఆ చోటు ఖాళీగా ఉంచుట పరిశోధకుని లక్షణము. ఊహతో పూరించిన మెట్టుపై కాలు మోపినచో, పైనున్న మెట్లన్నియు కూలును.

మన బాలురిద్దరు ఇట్లు వెదకి, తుదకు తమ వంశములు వేరని తెలిసికొనవచ్చును. అందుచేత వారికి నష్టమేమియు లేదు. ఒకడు తన ముత్తాత ఊరిని తెలిసికొనును. మరియొకడు తన నాయనమ్మ పేరును తెలిసికొనును. మరునాడు ఇరువురును మరల ఒకే బల్లపై కూర్చుందురు. ఆ స్నేహమునకు ఏ దఫ్తరు సాక్ష్యమును అక్కరలేదు.