జర్మన్‌లో ‘రేపు’ అంటే చాలు

పిల్లల జర్మన్ నోట్‌బుక్‌లో ‘రేపు’ అన్న వాక్యానికి ప్రెజెంట్ టెన్స్ క్రియ ఉన్నా టీచర్ రైట్ కొట్టారేమిటని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. పొరపాటేమీ లేదు. జర్మన్లు అలాగే మాట్లాడతారు.

‘ఇష్ ఫారె మోర్గెన్ నాఖ్ కూచిపూడి.’ రేపు కూచిపూడి వెళ్తాను అని అర్థం. ఇందులో ‘ఫారె’ వర్తమాన రూపమే; భవిష్యత్తును చెప్పేది ‘మోర్గెన్’, అంటే రేపు. (బస్సులోనో కారులోనో వెళ్తేనే ‘ఫారెన్’. నడిచి వెళ్తే ‘గేయెన్’.) మన తెలుగూ ఇంతే కదా! ‘రోజూ బడికి వెళ్తాను’, ‘రేపు కూచిపూడి వెళ్తాను’: రెండింటికీ క్రియ ఒక్కటే. ఇంగ్లిష్‌లో ఆలోచిస్తే కష్టంగా తోచేది, తెలుగులో ఆలోచిస్తే మన పిల్లలకు ఇట్టే అందుతుంది.

మరి పుస్తకంలో ఉండే ‘వేర్డెన్’ ఎందుకు? మాట ఇచ్చేటప్పుడు, జోస్యం చెప్పేటప్పుడు, రేపు, ఎల్లుండి లాంటి మాట లేకుండా భవిష్యత్తు తెలియాల్సినప్పుడు అది కావాలి. ‘ఇష్ వేర్డె డీర్ హెల్ఫెన్’ అంటే నీకు సాయం చేస్తాను. అసలు క్రియ ‘హెల్ఫెన్’ వాక్యం చివరికి వెళ్లింది చూడండి, అచ్చం తెలుగులోలాగే. ఊహకూ ఇదే వాడతారు: ‘ఎర్ విర్ట్ యెట్స్ట్ ట్సు హౌజె జైన్’, ఈపాటికి ఇంట్లో ఉంటాడు. మన ‘ఉంటాడు’ కూడా ఇక్కడ భవిష్యత్తు కాదు, అంచనాయే. ‘ఇష్ వేర్డె ఆర్ట్స్ట్’ అంటే మాత్రం నేను డాక్టర్ అవుతాను.

అసలు జాగ్రత్త పడాల్సింది ‘విల్’ దగ్గర. వినడానికి ఇంగ్లిష్ ‘విల్’లాగే ఉన్నా, జర్మన్‌లో దాని అర్థం ‘కావాలి, అనుకుంటున్నాను’. ‘ఇష్ విల్ కొమెన్’ అంటే వస్తానని మాట ఇచ్చినట్టు కాదు, రావాలనుకుంటున్నానని చెప్పినట్టు. ఓరల్ పరీక్షలోనైనా, రేపు జర్మనీలో చదువుకోవడానికి వెళ్లినా ఈ తేడా పెద్దదే. పైగా ఎవరినైనా నీళ్లు అడుగుతూ ‘ఇష్ విల్’ అంటే కాస్త మొరటుగా వినిపిస్తుంది. అక్కడ ‘ఇష్ మ్యోష్టె’ అనడం మర్యాద.

మొదటి స్థాయి అయిన ఏ1లో సాధారణంగా ‘వేర్డెన్’ భవిష్యత్ కాలం జోలికి వెళ్లరు. కాబట్టి ఇంట్లో దాన్ని ముందే బట్టీ పట్టించనక్కర్లేదు. ఈ ఆదివారం ఏం చేయబోతున్నారో ‘మోర్గెన్’, ‘అమ్ జోన్‌టాగ్’ (ఆదివారం నాడు) చేర్చి అయిదు వాక్యాలు చెప్పమనండి. మీకు జర్మన్ రాకపోయినా ఫరవాలేదు. అర్థం తెలుగులో అడగండి.