అడ్వాన్సు కడితేనే వైద్యమా?

బెల్లంపల్లిలో పక్కపక్కన ఉన్న రెండు ఇళ్ళను చూడండి. ఒక ఇంటాయన సింగరేణి ఉద్యోగి. గుండెనొప్పి వస్తే కంపెనీ ఆసుపత్రికి పోతాడు. అక్కడ కాదంటే రిఫరల్ కాగితం పట్టుకొని హైదరాబాద్‌లో చేరతాడు. కౌంటర్ దగ్గర అతన్ని ఎవరూ డబ్బు అడగరు. పక్కింటాయన లారీ మెకానిక్. అదే నొప్పితో వెళ్తే అతనికి ఎదురయ్యే మొదటి మాట, "ఎంత కడతారు?" గనులు ఒక్కొక్కటిగా మూతపడి, పర్మినెంట్ నౌకరీలు తగ్గిన మన ఊళ్ళో ఈ రెండో రకం ఇళ్ళే పెరుగుతున్నాయి.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి ఆ మెకానిక్‌ను కారులో ఎక్కించుకొని వెళ్ళింది మేమే. వాళ్ళబ్బాయి మా బడిలో చదువుకున్నవాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "యాభై వేలు కట్టండి, ఫైలు ఓపెన్ చేస్తాం" అన్నారు. "అన్నా, పొద్దుగాల అమ్మ కమ్మలు కుదువబెట్టి తెస్త, ముందుగాల నాయినను చూడుండ్రి" అని పిల్లవాడు బతిమాలాడు. మేము సొసైటీ కోశాధికారిని నిద్ర లేపి ముప్పై వేలు ఫోన్‌లో వేయించేదాకా నలభై నిమిషాలు మనిషి స్ట్రెచర్ మీదే ఉన్నాడు. ఈసీజీ కూడా తీయలేదు. అప్పుడు ఏమి అడగాలో మాకూ తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాం గాని ఈ పాఠం మేము చదవలేదు. తర్వాత కూర్చొని చదివినదే ఇక్కడ రాస్తున్నాం.

ఈ విషయంలో మొదట చెప్పుకోవలసినది సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో ఇచ్చిన తీర్పు. ప్రమాదంలో గాయపడిన స్కూటరిస్టును దగ్గరి ఆసుపత్రికి తెస్తే, పోలీసు కేసులు చూసే అనుమతి తమకు లేదని చెప్పి 20 కిలోమీటర్ల దూరంలోని మరో ఆసుపత్రికి పంపారు. దాదాపు మన దగ్గరి నుంచి మంచిర్యాల ఉన్నంత దూరం. దారిలోనే అతను చనిపోయాడు. ప్రాణం కాపాడటం ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ప్రతి ఒక్కరి బాధ్యత అని కోర్టు చెప్పింది. రెండోది 1996 నాటి తీర్పు. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడిన హకీం షేక్ అనే వ్యవసాయ కూలీని సర్కారు ఆసుపత్రులు వరుసగా తిప్పి పంపాయి. చివరికి అతను ప్రైవేటులో సుమారు 17 వేలు ఖర్చు పెట్టుకున్నాడు. ఇది జీవించే హక్కుకు భంగమని చెప్పి ప్రభుత్వం చేత 25 వేలు పరిహారం ఇప్పించారు.

తెలంగాణలోనూ అమలులో ఉన్న 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఇంకా సూటిగా ఉంది. అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని, తమ దగ్గర ఉన్న సిబ్బందితో, సౌకర్యాలతో పరీక్షించి, స్థిమితపడేదాకా వైద్యం చేయాలన్నది ఆసుపత్రి రిజిస్ట్రేషన్‌కు పెట్టిన షరతు. అంటే ఆక్సిజన్ పెట్టడం, రక్తం ఆపడం, ఈసీజీ తీయడం వంటివి. ఆ తర్వాత వేరే చోటికి పంపవచ్చు. అయితే ఒక మాట. వైద్యం ముందు జరగాలంటే ఉచితంగా జరగాలని అర్థం కాదు. బిల్లు తర్వాత వస్తుంది. ముందే తేదీ పెట్టుకొని చేయించుకునే మోకాలి ఆపరేషన్‌కు అడ్వాన్సు అడిగితే అందులో తప్పు లేదు. చిన్న నర్సింగ్ హోం నడిపే డాక్టరుకు ఎగవేతల భయమూ ఉంటుంది. ప్రభుత్వం నుంచి రావలసిన ఆరోగ్యశ్రీ బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025లో సేవలు ఆపిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. అర్హత ఉన్న జబ్బుకు నెట్‌వర్క్ ఆసుపత్రి డబ్బు తీసుకోకూడదు. కాబట్టి కౌంటర్‌కు పోకముందు ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో అడగండి. అత్యవసరమైతే ఫోన్ మీదనే అనుమతి తీసుకొని చికిత్స మొదలుపెట్టే పద్ధతి ఉంది. ఆ రాత్రి మేము చేరిన ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో లేదో కూడా విచారించలేదు. మా తప్పు అది. రోడ్డు ప్రమాదమైతే 2025 మే నుంచి కేంద్రం పథకం వేరే ఉంది: ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేని చికిత్స. హైవే పక్కన ఉన్న మన ఊరికి ఇది పనికివచ్చే సమాచారం. గాయపడినవారిని తెచ్చిన బాటసారిని డబ్బు కట్టమనే అధికారం ఆసుపత్రికి లేదు.

కాదన్నచోట గొడవ పడితే సమయమే పోతుంది. డ్యూటీ డాక్టరు పేరు, టైము రాసుకోండి. "చూడము" అన్న మాట కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. సాధారణంగా అక్కడే మెత్తబడతారు. ఫిర్యాదు తర్వాత కలెక్టరుకు గాని, జిల్లా వైద్యాధికారికి గాని ఇవ్వవచ్చు. కట్టిన ప్రతి రూపాయికి రసీదు, చివర వివరాలతో కూడిన బిల్లు తీసుకోవడం మరవకండి.

సొసైటీ ఇచ్చిన ఆ ముప్పై వేలు ఖర్జె హసనగా, అంటే వడ్డీ లేని బదులుగా రాసుకున్నాం. మెకానిక్ కోలుకొని మళ్ళీ షెడ్డుకు పోతున్నాడు. నెలకు వెయ్యి చొప్పున తీరుస్తున్నాడు. పోయిన కిస్తు ఇవ్వడానికి నూనె చేతులతోనే బడి గేటు దాకా వచ్చి, "సార్, ఈ నెల రెండు రోజులు లేటయింది" అన్నాడు.