‘పనికొస్తానా?’ అనుకుంటున్నారా... దుగ్నాద్ గురించి చదవండి!

మేడ్చల్ బస్సులో రెజ్యూమె ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఒకటే ప్రశ్న తొలిచేస్తుంది కదూ... ‘అసలు నేను దేనికైనా పనికొస్తానా?’ అని. నాకూ అంతే. శామీర్‌పేట దగ్గర ఓ కంపెనీ ఇంటర్వ్యూలో ‘టీమ్‌వర్క్ గురించి చెప్పండి’ అన్నారు. ‘నేను మంచి టీమ్ ప్లేయర్‌ని సర్’ అన్నా. ‘ఒక ఉదాహరణ?’ అనేసరికి నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు.

ఉదాహరణ నా దగ్గరే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. అదీ ఓ నార్వే మాట వల్ల!

ఇప్పుడు నా ప్రాజెక్టులో ఓస్లో సహోద్యోగి ఒకాయన ఉన్నారు. ‘శనివారం మా అపార్ట్‌మెంట్‌లో దుగ్నాద్, కాల్ వద్దు’ అని మెసేజ్ పెడితే ఏదో పండగ అనుకున్నా. కాదట. ఇరుగుపొరుగు కలిసి, కూలి లేకుండా చేసుకునే పని. చలికాలం పోగానే ఆవరణ ఊడుస్తారు, కంచెకు రంగేస్తారు, చివర్లో కాఫీ తాగుతారు. పిల్లల స్కూల్ బ్యాండుకు డబ్బు పోగేయడమూ దుగ్నాదే. వెనకటికి పల్లెల్లో ఇంటి కప్పులు, కోతలు ఇలాగే చేసుకునేవారు. మన ఊళ్లలో ఇవాళ మీ పొలంలో నాట్లు, రేపు మా పొలంలో అన్నట్టు.

ఈ మాట మూలం పాత నార్స్ భాషలో ఉంది. అక్కడ దీని అర్థం సాయం. నార్వేజియన్‌లో ‘పనికి రావడం’ అనే అర్థమున్న ‘దూగె’ అనే క్రియ దీనికి చుట్టం. మన తెలుగూ అదే చెప్తోంది చూడండి... నలుగురితో పనికి వచ్చేవాడే పనికొచ్చేవాడు!

అప్పుడు గుర్తొచ్చింది నా ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు. 1969లో మొదలైన ఈ పథకంలో రెండేళ్లకు 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం ఉంటాయి. శామీర్‌పేట చెరువు దగ్గరి ఓ ఊళ్లో బడి పక్క కాలువ పూడిక తీశాం. మూడో రోజు ఎండకు సగం మంది రాలేదు. పనిని పొద్దున ఆరింటికి మార్చి, ఇద్దరిద్దరికి ఓ పార ఇచ్చి పూర్తి చేయించింది నేనే. రెజ్యూమెలో మాత్రం ‘ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్’ అని రాసి వదిలేశా!

మీరు ఆ తప్పు చేయకండి. గణేశ్ మండపమో, కాలేజీ ఫెస్టో, రక్తదాన శిబిరమో... ఒకటి గుర్తుచేసుకోండి. పనేంటి, ఎంతమంది, మీ వంతు ఏంటి, ఎక్కడ ఆగింది, ఎలా గట్టెక్కింది... ఐదు వాక్యాలు రాసుకోండి. చేయనిది మాత్రం రాయొద్దు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఏదీ గుర్తురాలేదా? ఈ ఆదివారం మీ వీధిలోనే ఓ పని మొదలుపెట్టండి. పార పట్టడానికి ఎవరి ఆఫర్ లెటరూ అక్కర్లేదు.