డేటాబేస్ మీటప్ కోసం హైదరాబాద్ దాకా ఎందుకు? నందిగామలో ఫోన్లతోనే పెట్టుకోవచ్చు!

డేటాబేస్ డెవలపర్ల మీటప్ అంటే ఏదో పెద్ద కాన్ఫరెన్స్ అనుకునేరు. అంత సీన్ లేదు. డ్యూటీ అయ్యాక ఎస్‌క్యూఎల్ రాసేవాళ్లు, డేటా అనలిస్టులు ఓ రెండు గంటలు ఒకచోట కూర్చుంటారు. ఒకరు ఒక టాపిక్ చెప్తారు, మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారు. ఆఖర్లో ఎవరి కంపెనీలో ఖాళీలున్నాయో మాట్లాడుకుంటారు. ఫ్రెషర్లకు ఆ చివరి పావుగంటే అసలు లాభం.

చిక్కేంటంటే, ఇవి ఎక్కువగా జరిగేది హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో. జగ్గయ్యపేట నుంచి దాదాపు 200 కిలోమీటర్లు! సాయంత్రం మీటప్ కోసం అంత దూరం ఎవరు వెళ్తారు? వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లు, బీటెక్ అయ్యి ఇంటి దగ్గర ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఈ మెట్ట ప్రాంతంలోనూ ఉన్నారు. కాకపోతే ఎవరికి వారే ఒంటరిగా నేర్చుకుంటున్నారు. జగ్గయ్యపేట, నందిగామ రెండూ ఒకే హైవే దారిలో ఉన్నాయి కాబట్టి నెలకోసారి కలవడం పెద్ద కష్టం కాదు.

పెద్ద సంస్థ అండ లేకుండా నడుస్తుందా అంటారా? ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్లకు 1999లో మొదలైన పాస్ అనే అంతర్జాతీయ సంఘం ఉండేది. కరోనా దెబ్బకు కాన్ఫరెన్స్ ఆదాయం పడిపోయి 2021 జనవరిలో మూతపడింది. దాని కింద నడిచిన లోకల్ గ్రూపులు చాలావరకు ఆగలేదు. ఒక గది, చెప్పేవాడొకడు ఉంటే వాటికి చాలు మరి.

ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో ఇప్పటికే ఒక డేటాబేస్ ఇంజిన్ ఉంది: ఎస్‌క్యూలైట్. 2000లో రిచర్డ్ హిప్ తయారుచేశారు, పూర్తిగా ఉచితం. మీ కాంటాక్ట్స్, వాట్సాప్ మెసేజ్‌లు దాచేది ఇందులోనే. దాంతో మీరే క్వెరీలు రాయాలంటే ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ యాప్ వేసుకుని, అందులో ఎస్‌క్యూలైట్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోండి. పోస్ట్‌గ్రెస్, మరియాడీబీ కూడా దొరుకుతాయి కానీ, ఆండ్రాయిడ్ 12 నుంచి బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లను సిస్టమే ఆపేస్తుంటుంది. మధ్యలో సర్వర్ పడిపోతే విసుగు. మొదట్లో ఎస్‌క్యూలైటే మేలు.

మొదటి సాయంత్రానికి మా ఓటు ఇండెక్స్‌కే. జగ్గయ్యపేట వైపు సిమెంట్ లారీలు అందరికీ తెలిసినవే కదా, వాటి ట్రిప్పుల పేరుతో 5 లక్షల వరుసల ఉత్తుత్తి టేబుల్ తయారుచేయండి. ఒక లారీ నంబరుతో వెతికే క్వెరీ ముందు 'ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్' అని పెడితే 'స్కాన్' అని వస్తుంది, అంటే 5 లక్షల వరుసలూ చదువుతోందన్నమాట. లారీ నంబరు కాలమ్ మీద ఇండెక్స్ వేసి మళ్లీ అడగండి, 'సెర్చ్' అని మారుతుంది. ఇండెక్స్ చెట్టులా అమరి ఉంటుంది కాబట్టి మూడు నాలుగు మెట్లలోనే వరుస దొరుకుతుంది. అయితే ప్రతి కొత్త ట్రిప్పు రాసేటప్పుడు ఆ చెట్టునూ మార్చాలి, అందుకే అన్ని కాలమ్‌లకూ ఇండెక్స్ వేయకూడదు. ఎందుకు వేయకూడదన్నది ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్నే. నలుగురిలో ఒకసారి వాదించుకుంటే ఇక మర్చిపోరు.

స్క్రీన్ కోసం ఇంట్లో స్మార్ట్ టీవీ సరిపోతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ కొనే ముందు ఆగండి, బడ్జెట్ ఫోన్లు చాలావాటిలో టైప్-సీ పోర్ట్ నుంచి వీడియో రాదు. స్క్రీన్ క్యాస్ట్ పనిచేస్తుందేమో ముందురోజే చూసుకోండి. డబ్బు పెట్టాల్సింది ఏదైనా ఉంటే బ్లూటూత్ కీబోర్డ్ మీద పెట్టండి, టచ్ కీబోర్డ్‌తో సెమీకోలన్ వెతుక్కోవడం నరకం.

ఒక్క హెచ్చరిక. ఆఫీసు డేటాబేస్ కాపీని మాత్రం డెమోకి తేవద్దు, పేర్లు చెరిపేసినా సరే. కస్టమర్ల ఫోన్ నంబర్లు బయటపడితే ఉద్యోగం పోవడమే కాదు, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద కంపెనీకీ చిక్కే.