కంటిలో పడిన సున్నము

జంషెడ్‌పూర్‌లోని భాలుబాసాలో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ఉక్కు కర్మాగారములో పనికై వచ్చినవారి సంతతి అది. అక్కడి కిళ్ళీ బడ్డీలలో ఖైనీకి తోడుగా అమ్మే సున్నపు పొట్లములను చూచినప్పుడెల్ల మాకొక విషయము తోచును. కాస్టిక్ సోడా వాడుచోట కళ్ళు కడుగుకొను కుళాయి లేనిదే మేము పని సాగనివ్వము. అదే జాతి క్షారము ఇంటిలో పిల్లలకు ఆటవస్తువై పడియుండును. నొక్కిన పొట్లము చిట్లి సున్నము కంటిలోనికి చిమ్ముట మన దేశపు నేత్రవైద్యులు బాగుగా ఎరిగిన ప్రమాదము.

ఆమ్లము కంటి పైపొరలోని మాంసకృత్తులను గడ్డకట్టించును. ఆ గడ్డయే చాలవరకు అడ్డుగోడ యగును. క్షారమట్లు కాదు. కణముల కొవ్వుపొరను సబ్బుగా మార్చుచు లోనికి దిగిపోవును. పైగా సున్నపు పలుకులు రెప్పల క్రింద దాగి, కరగుచు, కాల్చుచునే యుండును.

కనుక మొదటి మందు నీరే. ఒకరు రెప్పలు విడదీసి పట్టుకొనగా మరియొకరు కుళాయినీటితో కనీసము అరగంట కడుగవలెను. తర్వాతనే ఆసుపత్రికి పరుగు. తల్లిపాలు, ఆముదము, నిమ్మరసము వంటివి ఎంతమాత్రము వేయరాదు. ఆసుపత్రిలో రెప్పను తిరగవేసి పలుకులు తీసి, పి.హెచ్. కాగితముతో పరీక్షింతురు. బాయిలరు నీటికి మేము వాడు కాగితము వంటిదే అది! సూచిక 7 దరికి వచ్చినను, కొంతసేపాగి మరల చూతురు. పలుకు మిగిలియున్నచో అంకె మరల పెరుగును.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలియు అంచున మూలకణములుండును. కార్నియా పైపొరను నిత్యము పునరుద్ధరించునవి అవే. అవి కాలిపోయినచో తెల్లగుడ్డు పొర రక్తనాళములతోసహా కార్నియాపైకి ప్రాకి చూపును కప్పివేయును. అప్పుడు కార్నియా మార్పిడి ఒక్కటే చేసినను నిలువదు.

1989లో అమెరికాలో కెన్యన్, సెంగ్ అను వైద్యులు మంచికంటి అంచు ముక్కలను కాలిన కంటికి మార్చిన ఫలితములను ప్రకటించిరి. 1997లో ఇటలీవారు ఆ కణములను ప్రయోగశాలలో పెంచి అతికిన వైనము వెల్లడించిరి. హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థయు 2001 నుండి ఆ మార్గమున నడిచినది. అయితే అట్టి ప్రయోగశాల ఎన్ని ఊళ్ళలో నెలకొల్పగలము? డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందము 2012లో ప్రకటించిన పద్ధతి ఈ చిక్కును విడదీసినది. మంచికంటి నుండి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, 8-10 తునకలు చేసి, కాలిన కంటిపై పరచిన ఉమ్మనీటి సంచి పొరమీద ఫైబ్రిన్ జిగురుతో అతుకుదురు. కణములు కంటిలోనే పెరుగును. కర్మాగారమును ముడిసరకు చెంతకే తరలించినట్లున్న ఈ యుక్తి మావంటి ఇంజనీర్లకు మిక్కిలి నచ్చినది.

2016లో ప్రచురితమైన నివేదికలో 125 కళ్ళలో 76 శాతము సఫలమైనవి. అయితే రెండవ కన్ను ఆరోగ్యముగా నుండవలెను. రెండు కళ్ళును కాలినచో ఇతరుల కణజాలము, దానిని శరీరము తిరస్కరింపకుండ మందులు అవసరమగును. మంట పూర్తిగా చల్లారువరకు నెలల తరబడి వేచియుండవలెను. ఈలోగా పసిపిల్లలలో, వాడకము లేని కంటి చూపు మెదడులోనే మందగించును. ఈ సంస్థ శాఖ 2006 నుండి భువనేశ్వర్‌లోను ఉన్నది. జంషెడ్‌పూర్ వారికి హైదరాబాదుకన్న అది చేరువ.