పాలు చెడకుండా చేరాలంటే యంత్రమూ కావాలి, నాయకత్వమూ కావాలి

ధాన్యమైతే గాదెలో పోసి మంచి ధర వచ్చేదాకా ఆగవచ్చు. పాలు అలా ఆగవు. పితికినప్పుడు వాటి వేడి సుమారు 38 డిగ్రీలు. ఆ వేడిలో కొన్ని సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపు కాగలవు. ఆ లెక్కన ఒకటి అయిదు గంటల్లో వెయ్యి దాటుతుంది. 4 డిగ్రీలకు చల్లబరిస్తే ఈ పెరుగుదల బాగా మందగిస్తుంది. తరిగొప్పులలో పొద్దున పితికిన పాలు పట్నంలో ప్యాకెట్టుగా అమ్ముడుపోవాలంటే రైతు ఇల్లు, సంఘం కేంద్రం, శీతలీకరణ కేంద్రం, డెయిరీ, అంగడి అన్నీ వరుసగా సక్రమంగా నడవాలి. ఒక్క చోట తప్పినా నష్టం అందరిదీ.

ఈ వరుస నిలబడటానికి రెండు అవసరం. మొదటిది నాయకత్వం, రెండవది యంత్రం. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన పాల రైతులు తమ యూనియన్ ఏర్పాటు చేసుకున్నారు. చలికాలంలో మిగిలిపోయే గేదె పాలను ఏం చేయాలన్నది వారి చిక్కు. గేదె పాలతో పొడి చేయలేమని విదేశీ నిపుణులు అనేవారు. వర్గీస్ కురియన్‌తో కలిసి పనిచేసిన దలాయా అది సాధ్యమని చూపారు. 1955లో ఆనంద్‌లో పాలపొడి కర్మాగారం మొదలైంది. ఆ పద్ధతినే 1970లో ప్రారంభమైన ఆపరేషన్ ఫ్లడ్ దేశమంతటా వ్యాపింపజేసింది.

అంత దూరం పోనక్కరలేదు. ఇప్పటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరులో పొదుపు సంఘాల మహిళలు 2002లో స్వంత సహకార డెయిరీని ప్రారంభించారు. పాలు పోసేవారే యజమానులైతే లెక్క అడిగేవారూ వారే అవుతారు.

మేము తనిఖీకి వెళ్లినప్పుడు సభ్యులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: “వెన్న శాతం ఎందుకు తగ్గింది సారూ?” దీనికి కారణాలు పలు విధాలు. చివరి ధారల్లో వెన్న ఎక్కువ. వాటిని దూడకు వదిలితే శాతం తగ్గుతుంది. ఎండుమేత చాలకపోయినా తగ్గుతుంది. నమూనా తీసే ముందు పాలను బాగా కలపకపోయినా, యంత్రాన్ని శుభ్రం చేయకపోయినా లెక్క తప్పుతుంది. అనుమానం వస్తే పాత గెర్బర్ పరీక్ష ఉండనే ఉంది. 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ గొట్టంలో పోసి తిప్పితే వెన్న పైకి తేలి శాతం కనబడుతుంది. ఆమ్లం ప్రమాదకరం కనుక శిక్షణ పొందినవారే ఈ పని చేయాలి. ఎలక్ట్రానిక్ యంత్రాన్ని అప్పుడప్పుడు దీనితో సరిచూడాలి.

నీళ్లు కలిపితే లాభమా? 10 లీటర్ల పాలు సుమారు 10.3 కిలోలు తూగుతాయి. వెన్న 6 శాతమైతే అందులో వెన్న 618 గ్రాములు. లీటరు నీళ్లు పోస్తే తూకం 11.3 కిలోలవుతుంది, వెన్న మాత్రం ఆ 618 గ్రాములే. శాతం 5.5 దగ్గరకు పడిపోతుంది. వెన్నను బట్టి ధర కట్టే చోట దీనివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఆ నీటితో వచ్చే సూక్ష్మజీవులు క్యానులోని పక్కవారి పాలను కూడా విరిచేస్తాయి.

కాబట్టి పాలకవర్గాలు ఈ నాలుగు పనులు తప్పక చేయాలి:

1. పరీక్ష సభ్యుల కళ్లెదుటే జరగాలి. ఫలితం అప్పుడే వారి పుస్తకంలో రాయాలి.
2. క్యాన్లు, గిన్నెలు రోజూ కడిగి ఎండలో బోర్లించాలి.
3. సేకరణ వేళ, బండి వేళ ఒకదానికొకటి కుదరాలి. పాలు ఎండలో నిలవరాదు.
4. బిల్లు చెప్పిన తేదీకి అందాలి. ఆలస్యమైతే సభ్యుడు ప్రైవేటు పాలవానివైపు చూస్తాడు.

యంత్రం అంకె చూపుతుంది. ఆ అంకెను నమ్మేటట్లు చేసేది పాలకవర్గం నిజాయితీ. ఆ నమ్మకం ఉన్న సంఘానికి ఎండాకాలంలో పాలు తగ్గినా సభ్యులు తగ్గరు.